చారలు నిలువుగా

నేను మనుషుల నర్సుని.
పురుళ్లు పోస్తాను, టీకాలు వేస్తాను,
కర్రసాములో పగిలిన కాపర్ల తలలకు కుట్లు వేస్తాను.
గుర్రం కాలు నాకెవరూ నేర్పలేదు.

లెసోతో కొండల్లో ఆ పొద్దున దారి మంచుకి మూసుకుపోయింది.
ఏటి దాటులో, నాచు పట్టిన బండ మీద
ఖ్వాలే జారింది.
మా భాషలో కౌజుపిట్ట అని అర్థం.
వీపున రెండు మొక్కజొన్నపిండి బస్తాలు.
ముందు ఎడమకాలికి, మోకాలి కింద,
ఉండకూడని చోట ఒక వంపు.

మూడు కాళ్ల మీద నిలబడి ఉంది.
నాలుగోది వేలాడుతోంది, ఎవరిదో అన్నట్టు.
ఒళ్లంతా చెమట, చెమట నుంచి పొగలు.
న్తాతే లెత్లత్స దాని మెడకి నుదురానించి
పాత బాకీ ఏదో ఒప్పుకుంటున్నట్టు గొణుగుతున్నాడు.
తుపాకీ ఎవరింట్లో ఉందో అక్కడ అందరికీ తెలుసు.
ఎవరూ ఆ వైపు చూడలేదు.

ఫోను పలికేది గుట్ట మీదే.
మసేరు నుంచి పశువుల డాక్టరు చెప్పింది చెప్పినట్టు
పొట్లాకో పైనుంచి కేకేస్తున్నాడు.
వాడి పేరుకి తొందర అని అర్థం.
వాడు మోసిన మొదటి మాట
"నెమ్మదిగా!"

"మత్తు సగమే ఇవ్వాలంట! తూలితే మిగతా మూడూ పోతాయంట!"
"దూది చుట్టు! బిగించు! మళ్లీ చుట్టు!
కింది వరస కంటే పై వరస ఇంకాస్త బిగువు!"

ఎముక చర్మాన్ని చీల్చలేదు.
ఆ రోజుకి మా అదృష్టమంతా అదే.

గిట్ట నుంచి మోచేతి దాకా ఎంత పొడుగో ఆ కాలు,
నెల సరిపడా దూదిని ఒక్క పూటలో మింగేసింది.
పసిపిల్లల పొత్తిగుడ్డలు కూడా అయిపోయాయి.
అప్పుడు న్తాతే మెడ దగ్గర పిన్ను తీసి
పెళ్లినాటి దుప్పటి నా చేతుల్లో పెట్టాడు,
మంచు కురుస్తుండగా, చొక్కాతో నిలబడి.

చుట్టబోయాను. ఆపాడు.
"అలా కాదు, మె లినేయో. చారలు నిలువుగా రావాలి.
అడ్డంగా కప్పితే ఎదుగుదల ఆగిపోతుంది."
పన్నెండేళ్ల గుర్రం ఇంకేం ఎదుగుతుంది
అనబోయి, మింగేశాను.
ఎముక ఎదగాలిగా.
విప్పి, తిప్పి, చారలు నిలబెట్టాను.

క్లినిక్ కుళాయి పైపు రంపంతో కోసి
నిలువునా రెండు దోనెలుగా చీల్చాం.
ఒకటి కాలి వెనక, ఒకటి బయటి పక్క.
కొసలు ఒంట్లో గుచ్చుకోకుండా
నా మేజోళ్లు తొడిగాం.
పైన టేపు, టేపు మీద తోలుపట్టీలు.

"తట్టి చూడమంటున్నాడు! పండిన పుచ్చకాయలా మోగాలంట!"
ఈ చలిలో పుచ్చకాయ ఎక్కడిది?
న్తాతే తన ఇంటికప్పు మీది గుమ్మడిని తలచుకుని
రెండు వేళ్లతో కట్టు మీద తట్టాడు.
చెవి పెట్టి విన్నాడు.
"పండింది."

సాయంత్రానికి దారి తెరిచారు, ట్రక్కు వచ్చింది.
విరిగింది ముందుకాలు కాబట్టి ముఖం వెనక్కి ఉండాలి.
బ్రేకు పడితే బరువు వెనక కాళ్లు మోస్తాయి.
అందుకే ఖ్వాలే
మమ్మల్నే చూస్తూ వెళ్లిపోయింది, మలుపు దాకా.

బతుకుతుందా అడగమన్నాను.
పొట్లాకో చాలాసేపు ఫోను చెవికానించుకుని నిలబడ్డాడు.
కిందికి ఏమీ అరవలేదు.

మూడు రోజులుగా క్లినిక్‌లో నీళ్లు లేవు.
ఏటి నుంచి బకెట్లతో మోస్తున్నారు
చూలాళ్ల అత్తలు, దగ్గే ముసలాళ్లు.
పైపు ఎప్పుడొస్తుందని ఒక్కరూ అడగరు.
బకెట్ దించి, గుట్ట వైపు గడ్డం ఎత్తి,
"ఇంకా నిలబడే ఉందా?"
"పొద్దుటికి ఉంది" అంటాను.

న్తాతే నా స్వెటర్ వేసుకుని తిరుగుతున్నాడు,
చేతులు పొట్టిది.